సర్వే ఫొటోల తేదీ, చోటు చెరిగిపోకుండా

ఓడల్లోని సరుకు ఎలా ఉందో చూసి నివేదిక రాసే సర్వే ఆఫీసులో ఫొటో అంటే సాక్ష్యం. విశాఖ ఇన్నర్ హార్బర్‌లో తడిసిన ఎరువుల బస్తాను ఫోనుతో తీస్తే, తీసిన సమయం, ఫోను మోడలు ఆ ఫైలులోనే నమోదవుతాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే దాదాపు 17.69 ఉత్తరం, 83.28 తూర్పు అనే అంకెలూ చేరతాయి. కొన్ని నెలల తర్వాత బీమా వాళ్లు ‘ఈ ఫొటో ఆ రోజుదేనా?’ అని అడిగితే ముందుగా చూపించగలిగేది వాటినే. అందుకే రికార్డులు చూసుకునే మనిషిగా నేను ఒక్కదానికే పట్టుబడతాను: అసలు ఫైలును ఎవరూ మార్చకూడదు, బయటికి వెళ్లేది ఎప్పుడూ నకలే.

అసలుకు ముప్పు ఆఫీసుకు చేరకముందే మొదలవుతుంది. బెర్త్ (రేవులో ఓడ ఆగే చోటు) దగ్గరి నుంచి వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన సమయం, చోటు రెండూ పోతాయి. అదే ఫొటోను ‘డాక్యుమెంట్’గా జతచేస్తే ఉన్నది ఉన్నట్టే వస్తుంది. ఫోనులోని వన్‌డ్రైవ్ యాప్ నుంచి నేరుగా షేర్‌పాయింట్ (ఆఫీసు ఫైళ్లను అందరూ ఆన్‌లైన్‌లో పంచుకునే మైక్రోసాఫ్ట్ సైట్) లైబ్రరీలోకి ఎక్కిస్తే ఇంకా మంచిది.

లైబ్రరీలో ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ పోకండి. ఓడ, బెర్త్, సరుకు, సర్వే తేదీ అని నాలుగు కాలమ్‌లు పెట్టండి, చాలు. పది పెడితే ఎవరూ నింపరు. సరుకు కాలమ్‌ను మాత్రం ‘ఛాయిస్’ రకంగానే, అంటే ఇచ్చిన జాబితాలోంచి ఎంచుకునేలా చేయండి. టైపు చేయనిస్తే ఒకరు బొగ్గు అంటారు, ఒకరు కోల్ అంటారు, ఇంకొకరు స్టీమ్ కోల్ అంటారు. తీరా వెతికే రోజున సగం ఫైళ్లు కనబడవు.

షేర్‌పాయింట్ సైట్ సెట్టింగ్స్‌లోని రీజినల్ సెట్టింగ్స్ కూడా ఒకసారి తెరవండి. టైమ్ జోన్ అమెరికా పసిఫిక్‌లో ఉండిపోతే, మనం ఉదయం 9 గంటలకు ఎక్కించిన ఫైలు ముందురోజు రాత్రి ఎక్కించినట్టు కనిపిస్తుంది. క్లెయిము ఫైలులో ఒక్క రోజు తేడా చిన్న విషయం కాదు.

ఇక బయటికి పంపే నకలు. సర్వేయరు రాత్రి మధురవాడలోని తన ఇంట్లో కాగితాలు బల్ల మీద పరచి తీసిన ఫొటోలో ఆ ఇంటి చోటు ఉంటుంది. అది క్లయింటుకు ఎందుకు తెలియాలి? విండోస్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డిటైల్స్ తెరవండి. అడుగున ‘రిమూవ్ ప్రాపర్టీస్ అండ్ పర్సనల్ ఇన్ఫర్మేషన్’ అని ఉంటుంది. అది నొక్కి మొదటి ఎంపిక తీసుకుంటే, తొలగించగలిగిన వివరాలన్నీ తీసేసిన నకలు వేరుగా తయారవుతుంది. అసలు అలాగే ఉంటుంది. లొకేషన్ పోయిందో లేదో నకలులో డిటైల్స్ తెరిచి చూసుకుని, ఆ నకళ్లనే నివేదికలో అతికించండి.

వర్డ్ నివేదికల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది టైటిల్. పాత నివేదిక తెరిచి, పేరు మార్చి సేవ్ చేసి, కొత్తది రాయడం అందరికీ అలవాటు. ఫైలు పేరు మారుతుంది కానీ ఫైలు వివరాల్లోని టైటిల్ గడిలో పాత ఓడ పేరు ఉండిపోతుంది. పీడీఎఫ్ చేసి పంపాక, క్లయింటు బ్రౌజర్‌లో తెరవగానే పైన ట్యాబ్ మీద మరొకరి ఓడ పేరు కనబడుతుంది. నివేదిక ఎంత నిజాయితీగా రాసినా అక్కడే నమ్మకం సడలుతుంది. అందుకని ముందు నకలు తీసి, దానిలో ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ వరుసగా నొక్కి రచయిత పేరు, కామెంట్లు, దిద్దుబాట్ల జాడలు తొలగించండి. తర్వాత టైటిల్ మీరే కొత్తగా రాసి పీడీఎఫ్ చేయండి. పంపేముందు దాన్ని బ్రౌజర్‌లో తెరిచి ట్యాబ్ మీది పేరు చదవండి.