విజయవాడ ఎండల్లో సముద్ర అనిమోన్ పెంపకం

సముద్ర అనిమోన్‌ను ఇంట్లో పెంచాలనుకునే విజయవాడ, గుంటూరు వాసులు అన్నిటికంటే ముందు మే నెలను తలుచుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే నేల మనది. బయట 44 డిగ్రీల ఎండ కాస్తున్న రోజున, కిటికీలు మూసిన మా హాలులో చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేని తొట్టెలోని నీరు మధ్యాహ్నం మూడు గంటలకు 32 డిగ్రీలు దాటడం నేను థర్మామీటర్‌లో చూశాను. ఈ జీవికి కావలసింది 25 నుంచి 27 డిగ్రీలు. 28 వరకు ఓర్చుకుంటుంది, 30 దాటి కొన్ని రోజులు గడిస్తే చావుకు దగ్గరవుతుంది. అందువల్ల చిల్లర్ కొనే స్తోమత, దాని కరెంటు బిల్లు భరించే ఓపిక ఉన్నాయో లేదో తేల్చుకున్న తరువాతే మిగతా ఏర్పాట్ల గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివినవారికి ఈ జీవి కొత్తది కాదు. చూడటానికి పువ్వులా ఉన్నా ఇది జంతువే. పగడాలకు, జెల్లీ చేపలకు దగ్గరి బంధువు. కింద రాతిని పట్టుకునే పాదం, పైన స్పర్శకాల వలయం, ఆ వలయం మధ్యలో నోరు ఉంటాయి. ఆహారం లోపలికి పోవడానికి, వ్యర్థాలు బయటికి రావడానికి ఆ నోరు ఒక్కటే దారి. స్పర్శకాల నిండా ఉండే దంశకణాలతో చిన్న జీవులను కుట్టి పట్టుకుంటుంది. అయితే మనం అక్వేరియంలో పెంచే ఉష్ణమండల జాతులు వేటను మాత్రమే నమ్ముకుని బతకవు. వాటి కణజాలంలో కంటికి కనిపించని శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో కిరణజన్య సంయోగక్రియ జరిపి, తయారైన ఆహారంలో చాలా భాగాన్ని అనిమోన్‌కు అందిస్తాయి. నీరు వేడెక్కినప్పుడు ఈ భాగస్వామ్యం చెడిపోయి, అనిమోన్ ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. అప్పుడు దాని గోధుమ రంగు పోయి, తెల్లగా పాలిపోతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే ఉష్ణోగ్రత, వెలుతురు గురించి ఎందుకంత పట్టుదలగా చెబుతున్నానో కూడా అర్థమవుతుంది.

తొట్టె, నీరు

మూడు అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 190 లీటర్ల నీరు పడుతుంది. ఇంతకంటే చిన్న తొట్టెను నేను సూచించను, ఎందుకంటే నీరు తక్కువైన కొద్దీ వేడి, ఉప్పు, వ్యర్థాలు అన్నీ వేగంగా మారిపోతాయి. రాళ్లు, గాజు, స్టాండుతో కలిపి బరువు 250 కిలోలు సులభంగా దాటుతుంది కనుక, అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు దీనిని గది మధ్యలో పెట్టకుండా, కింద బీము ఉన్న గోడ పక్కన, పడమటి ఎండ తగలని చోట పెట్టుకోవాలి.

ఇక నీటి విషయం. కుళాయిలో వచ్చే కృష్ణా నీటిలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీటిలో కరిగిన లవణాలు ఎక్కువగా ఉంటాయి. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్వో యంత్రం సరిపోతుందని చాలామంది అనుకుంటారు గాని, రుచి కోసం కొన్ని ఖనిజాలను తిరిగి నీటిలో కలిపే యంత్రాలు చాలా ఉన్నాయి. ఇరవై లీటర్ల క్యాన్లలో అమ్మే నీటి సంగతీ అంతే. ఆర్వో తరువాత, మిగిలిన లవణాలను కూడా తొలగించే డీఐ రెసిన్ గొట్టం అమర్చి, నీటిలో కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీటినే వాడాలి. ఆ నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని కలిపి, పంపుతో ఒక రోజంతా తిప్పిన తరువాత వాడుకోవాలి. వంట ఉప్పు, రాళ్ల ఉప్పు దీనికి పనికిరావు; సముద్రపు నీటిలో సోడియం క్లోరైడుతో పాటు కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు తగిన పాళ్లలో ఉండాలి. సూర్యలంక నుంచో మంగినపూడి నుంచో క్యాన్లలో సముద్రపు నీరు తెచ్చుకోవచ్చు కదా అని గుంటూరు మిత్రులు తరచూ అడుగుతారు. కృష్ణా డెల్టా ఒడ్డున ఒండ్రు, కాలువల నీరు, చెరువుల నీరు వచ్చి కలుస్తాయి. వానాకాలంలో అక్కడి ఉప్పదనం పడిపోతుంది. నిలకడ లేని ఆ నీటితో నేనైతే ఈ జీవిని పెంచను.

కొత్త తొట్టెలో అనిమోన్‌ను వేయకూడదు. వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడటానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది పూర్తయినా తొట్టె ఇంకా పచ్చిగానే ఉన్నట్టు లెక్క. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది పాటు చేపలతో నడిపి, నీటి కొలతలు వారం వారం ఒకేలా వస్తున్నాయని నోటుపుస్తకంలో రాసుకున్న తరువాతే అనిమోన్ గురించి ఆలోచించాలి. ఆ కొలతలు ఇలా ఉండాలి: లవణీయత వెయ్యికి 35 పాళ్లు, అంటే విశిష్ట గురుత్వం 1.025 నుంచి 1.026, పీహెచ్ 8.1 నుంచి 8.4, క్షారత 8 నుంచి 11 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం), కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షలకు పాళ్లు), అమ్మోనియా, నైట్రైటు సున్నా, నైట్రేటు 10 పీపీఎం లోపు. లవణీయతను రిఫ్రాక్టోమీటరుతో కొలవాలి, దానిని కూడా 35 పాళ్ల ప్రామాణిక ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి.

వేసవిలో ఆవిరయ్యే నీరు మనల్ని మోసం చేస్తుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పంతా తొట్టెలోనే మిగిలిపోతుంది. 190 లీటర్లలో 20 లీటర్లు తగ్గితే లవణీయత 35 నుంచి 39కి చేరుతుంది. కనుక తగ్గిన మేరకు ప్రతిరోజూ ఉప్పు కలపని శుద్ధమైన నీటినే పోయాలి. నీటిమట్టం తగ్గగానే దానంతట అదే నీరు పోసే పరికరం దొరుకుతుంది. చిల్లర్ తరువాత నేను రెండో స్థానం దానికే ఇస్తాను.

ఎండ, కరెంటు కోత

నీటి ఉపరితలం మీద చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. అయితే గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో, ముఖ్యంగా ఉక్కపోత రోజుల్లో, ఆ ఉపాయం సరిగ్గా అవసరమైనప్పుడే చేతులెత్తేస్తుంది. ఫిబ్రవరిలోనూ నవంబరులోనూ ఫ్యాను చాలు. మార్చి నుంచి చిల్లర్ ఉండాలి. చిల్లర్ వదిలే వేడిగాలి అదే గదిలో చేరితే గది కాగిపోయి చిల్లర్ మరింత శ్రమపడుతుంది కనుక, దానిని బాల్కనీ వైపు నీడలో అమర్చి గొట్టాలు లోపలికి తెచ్చుకోవడం మేలు.

కరెంటు పోయినప్పుడు వేడి కంటే ముందు ఊపిరి ఆడకపోవడమే ప్రమాదం. ఉప్పునీటిలో మంచినీటి కంటే దాదాపు ఐదో వంతు తక్కువ ఆక్సిజన్ కరుగుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టరు చిల్లర్‌ను మోయలేకపోవచ్చు గాని, నీటిని కదిలించే వేవ్‌మేకర్‌ను గంటల తరబడి నడపగలదు. ఆ ఒక్క ప్లగ్గును ఇన్వర్టరు లైనులో పెట్టించుకోండి. ఫ్రీజరులో రెండు లీటర్ల సీసాలు నాలుగు గడ్డకట్టించి ఉంచుకుని, కోత ఎక్కువసేపు సాగితే మూత బిగించిన సీసాను ఒక్కొక్కటిగా నీటిలో తేలనివ్వండి. మంచు ముక్కలను నేరుగా వేస్తే లవణీయత తగ్గిపోతుంది.

ఎంపిక, తొలి రోజులు

మొదటిసారి పెంచేవారికి బబుల్ టిప్ అనిమోన్ తగినది. దీని శాస్త్రీయ నామం ఎంటక్మియా క్వాడ్రికలర్. స్పర్శకాల చివర బుడగల్లా ఉబ్బి ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. ఒక్కోసారి ఆ బుడగలు పోయి స్పర్శకాలు సన్నగా సాగినా కంగారుపడనక్కరలేదు. ఇది బాగా పెరిగితే అడుగు వెడల్పు వరకు విచ్చుకుంటుంది. నిలువునా చీలి ఒకటి రెండుగా మారే గుణం దీనికి ఉంది కనుక, సముద్రం నుంచి పట్టి తెచ్చినదాని కంటే మరొకరి తొట్టెలో చీలి పుట్టిన పిల్ల దొరికితే అదే తీసుకోండి. కార్పెట్ అనిమోన్లు అందంగా ఉన్నా వాటి కాటు బలమైనది, చిన్న చేపలను పట్టి మింగగలవు.

దుకాణంలో చూసేటప్పుడు నోరు గట్టిగా మూసుకుని ఉందా, పాదం ఏదో ఒకదానిని పట్టుకుని ఉందా, పాదానికి చిరుగు ఉందా అని పరీక్షించాలి. తెల్లని తెలుపు, నిండు పసుపు రంగులకు ఆకర్షితులు కావద్దు. తెల్లనిది చాలాసార్లు శైవలాలను పోగొట్టుకున్నది. నిండు రంగుది రంగు వేసినది కావచ్చు. మరో మాట: పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. ఎవరైనా అనిమోన్‌తో పాటు సముద్రం నుంచి తీసిన పగడపు ముక్కను చూపిస్తే తీసుకోకండి.

చెన్నై వంటి చోట నుంచి తెప్పించుకునేవారు శీతాకాలంలో, రాత్రి ప్రయాణంలో వచ్చేలా చూసుకోవాలి. ఇంటికి వచ్చిన సంచిని అరగంట తొట్టెలో తేలనిచ్చి, ఆ తరువాత సన్నని గొట్టంతో తొట్టె నీటిని బొట్టుబొట్టుగా గంటసేపు కలపాలి. సంచిలోని నీటిని తొట్టెలో పోయకూడదు. పాదం దూర్చుకోవడానికి బొరియ ఉన్న రాతి దగ్గర దానిని దింపి, పట్టు దొరికే వరకు కాసేపు పంపులు ఆపి ఉంచండి. పాదానికి నీడ, స్పర్శకాలకు వెలుతురు దొరికే చోటు దానికి నచ్చుతుంది. నచ్చకపోతే నడుచుకుంటూ వెళ్లి మరో చోటు వెతుక్కుంటుంది. దానిని లాగి తెచ్చి మనకు నచ్చిన చోట పెట్టడం పాదం చింపడమే అవుతుంది.

ఆ నడక విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. సత్యనారాయణపురంలోని మా ఇంట్లో పెంచిన మొదటి అనిమోన్ మూడో రాత్రి కదిలి వేవ్‌మేకర్ వైపు వెళ్లింది. దాని జాలీకి నేను స్పాంజి తొడగలేదు. ఉదయానికి నీరు పాలలా తెల్లబడి ఉంది, అనిమోన్ ముక్కలైపోయింది, వెలువడిన అమ్మోనియాకు రెండు చేపలు చనిపోయాయి. పది రూపాయల స్పాంజి ముక్క ఆ మూడు ప్రాణాలనూ కాపాడి ఉండేది. అనిమోన్‌ను తెచ్చే ముందు రోజే ప్రతి పంపు నోటికీ, నీరు పొంగి పోయే ప్రతి దారికీ స్పాంజి గాని సన్నని జాలీ గాని అమర్చండి.

వెలుతురు రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు, పగడాల కోసం తయారైన ఎల్‌ఈడీ దీపంతో ఇవ్వాలి. మొదటి వారం సగం తీవ్రతతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి.

తిండి, రోజువారీ గమనింపు

మొదటి వారం ఏమీ పెట్టవద్దు. ఆ తరువాత వారానికి ఒకటి రెండుసార్లు, చిటికెన వేలి గోరంత పచ్చి రొయ్య ముక్క చాలు. బజారులో తాజా రొయ్యలు తెచ్చి, ఒలిచి, పసుపు, ఉప్పు తగలకుండా శుద్ధమైన నీటిలో కడిగి, ముక్కలు చేసి గడ్డకట్టించి ఉంచుకోండి. పంపు ఆపి, పొడవైన పటకారుతో ముక్కను స్పర్శకాలకు తాకిస్తే అవి అంటుకుని నోటి దగ్గరికి చేరుస్తాయి. అలా అంటుకోవడమే ఆరోగ్యానికి మంచి గుర్తు. పెద్ద ముక్క పెడితే ఒకటి రెండు రోజుల తరువాత కక్కేస్తుంది, అది కుళ్లి నీటిని పాడుచేస్తుంది. ప్రేమతో ఎక్కువ తినిపించి చంపుకున్నవారిని నేను చూశాను.

అప్పుడప్పుడు అనిమోన్ గాలి తీసిన బుడగలా ముడుచుకుని, గోధుమ రంగు జిగురును వదిలి, కొన్ని గంటల్లో మళ్లీ విచ్చుకుంటుంది. అది విసర్జన, భయపడనక్కరలేదు. రెండు రోజులు దాటినా విచ్చుకోకపోయినా, నోరు వెలికి వచ్చి తెరుచుకుని ఉన్నా, పాదం పట్టు విడిచి నీటిలో దొర్లుతున్నా వెంటనే లవణీయత, ఉష్ణోగ్రత, అమ్మోనియా కొలిచి, నాలుగో వంతు నీరు మార్చండి. శరీరం కరుగుతూ కుళ్లు వాసన వస్తే ఇక అది బతకదు. ఆలస్యం చేయకుండా బయటికి తీయాలి.

వారానికి పదో వంతు నీరు మార్చడం, అంటే మనం చెప్పుకున్న తొట్టెలో 19 లీటర్లు, మానకూడదు. చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే వాడే రాగి మందు అనిమోన్‌కు విషం. అందువల్ల జబ్బుపడ్డ చేపను వేరే తొట్టెలోకి మార్చి వైద్యం చేయాలి. దోమల మందు, బొద్దింకల స్ప్రే ఆ గదిలో కొట్టకండి; గాలి పంపు వాటిని నేరుగా నీటిలోకి లాగుతుంది. చేయి పెట్టే ముందు సబ్బు, నూనె, క్రీము ఏదీ లేకుండా కడుక్కోండి. చేతికి తొడుగు వేసుకోండి, తీసిన తరువాత ఆ చేతితో కన్ను నలపకండి.

అనిమోన్ స్పర్శకాల మధ్య కాపురం ఉండే క్లౌన్ చేప లేనిదే అనిమోన్ బతకదనేది అపోహ. చేప ఉంటే ముచ్చటగా ఉంటుంది, దాని విసర్జన అనిమోన్‌కు పోషకంగానూ పనికివస్తుంది, అంతవరకే. మన దుకాణాల్లో సాధారణంగా దొరికే ఒసెల్లారిస్ రకం సముద్రంలో బబుల్ టిప్‌లో కాపురం ఉండదు, అక్వేరియంలో నెలల తరువాత అలవాటు పడవచ్చు, పడకపోవచ్చు. క్లార్కీ రకం క్లౌన్ చేపలకు ఆతిథ్యమిచ్చే అన్ని అనిమోన్ జాతుల్లోనూ చేరుతుంది. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే రూపొందించింది కనుక, హేచరీ చేపనే అడిగి తీసుకోండి.

కొనే ముందు ఇంట్లో వారితో కూడా మాట్లాడండి, ఎందుకంటే ఈ జీవి ఆయుష్షు చాలా పొడవు. స్కాట్లాండ్‌లో ప్రకృతి శాస్త్రవేత్త సర్ జాన్ డాలియెల్ 1828లో ఒడ్డు నుంచి తెచ్చి గాజు పాత్రలో పెంచిన అనిమోన్ 1887 వరకు బతికింది. ఆయన 1851లోనే కన్నుమూశారు. ఆ తరువాత మూడున్నర దశాబ్దాలు దానికి వేరే చేతులు నీరు మార్చాయి. అది చల్లని నీటి జాతి, మన పద్ధతులు దానికి వర్తించవు. కాని మీరు ఊరు వెళ్లిన వారం రోజులు శుద్ధమైన నీరు ఎవరు పోస్తారో, కరెంటు పోతే సీసా ఎవరు వేస్తారో ముందే నిర్ణయించి, వారి చేత మీ కళ్ల ముందు ఒకసారి చేయించి చూసుకున్న తరువాతే అనిమోన్‌కు డబ్బు కట్టండి.