మందుల దుకాణంలో సహాయకుల పని: చీటీ అందుకున్నది మొదలు

దేవరకొండ, అచ్చంపేట వంటి ఊళ్లలో ఆసుపత్రి పక్కనుండే మందుల దుకాణంలో సహాయకులుగా చేరినవారు ముందుగా తమ పనికున్న హద్దును తెలుసుకోవాలి. డాక్టరు రాసిన చీటీపై మందు ఇచ్చే అధికారం రిజిస్టరైన ఫార్మసిస్టుకే ఉంటుందని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతున్నది. చీటీలోని మందులను అరలోంచి తీసి, లెక్కపెట్టి, ఫార్మసిస్టు ముందుంచడం సహాయకుల వంతు. ఆయన చీటీతో సరిచూసిన తరువాతే అవి రోగి చేతికి వెళ్లాలి. ఆయన భోజనానికి వెళ్లిన సమయంలో, బస్సు తప్పిపోతుందని ఎవరెంత తొందరపెట్టినా, ఈ క్రమం తప్పకూడదు.

మందు తీసేటప్పుడు అర గుర్తును నమ్ముకోకుండా, పేరునూ మోతాదునూ స్ట్రిప్ మీదే చదవాలి. మెట్‌ఫార్మిన్ షుగరుకు, మెట్రోనిడజోల్ జిగట విరేచనాలకు ఇచ్చేవి. తొందరలో రాసిన చీటీలో ఈ రెండు పేర్లూ ఒకేలా కనిపిస్తాయి. కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. దానిని రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కనుక, వారంలో ఏ రోజున వేసుకోవాలో కవరు మీద రాసి తీరాలి. రాత అర్థం కాకపోతే ఊహించవద్దు. ఫార్మసిస్టు చేత డాక్టరుకు ఫోన్ చేయించండి.

సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు హెచ్1 షెడ్యూల్ (చీటీ మీదే ఇచ్చి, విడిగా లెక్క రాయవలసిన మందుల ప్రభుత్వ జాబితా) కిందికి వస్తాయి. వాటిని ఇచ్చినప్పుడు డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, దానిని మూడేళ్లు భద్రపరచాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావలసింది రోగికి చెప్పేటప్పుడు. చదువురాని పెద్దవారికి కవరు మీద పొద్దునకు సూర్యుడిని, రాత్రికి చంద్రుడిని గీసి, ఎన్ని గోలీలో అన్ని చుక్కలు పెట్టాలి. అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు. అందుకని, "పెద్దమ్మా, పొద్దుగాల ఏ గోలీ ఏసుకుంటవ్? మాపటికి ఏది?" అని అడిగి, ఆమె చేతనే చెప్పించాలి. ఫ్లోరైడ్ బాధ ఎరిగిన మర్రిగూడ వంటి ప్రాంతాల నుంచి కీళ్ల నొప్పులతో వచ్చి, చీటీ లేకుండా డైక్లోఫెనాక్ అడిగేవారిని కసురుకోకూడదు, అలాగని మందు ఇచ్చి పంపనూ కూడదు. ఏళ్ల తరబడి వాడితే ఆ గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తాయని నెమ్మదిగా చెప్పి, ఫార్మసిస్టుతో మాట్లాడించాలి.

ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టినది మళ్లీ కరిగినా పనికిరాదు కనుక ఫ్రీజరుకు ఆనించకూడదు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లేవారికి ఫ్రిజ్ దొరకదు. వాడుతున్న సీసాను నీరు తగలకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక నింపిన మట్టికుండలో నీడపట్టున ఉంచుకోవాలనీ, ఎండలో నిలిపిన బండిలో వదిలేయవద్దనీ, తెరిచిన తేదీని సీసా మీదే రాసుకోవాలనీ వారు బయలుదేరక ముందే చెప్పాలి.