ఆదాయపు పన్ను రిటర్న్‌కు ఐటీఆర్-1 కాదు, 2: ఏఐఎస్ చూశాకే తేలింది

జీతం, బ్యాంకు వడ్డీ, ఒక సొంత ఇల్లు. నా లెక్క ఇంతవరకే అయితే, ఆదాయం 50 లక్షలు దాటదు కాబట్టి, సహజ్ అని పిలిచే సులువైన రిటర్న్ ఫారం ఐటీఆర్-1 సరిపోయేది. చిక్కంతా సిప్ (నెలనెలా వాయిదాల్లో పెట్టే పెట్టుబడి) ఆపేసి మొత్తం అమ్మిన ఈక్విటీ ఫండ్ యూనిట్లతోనే. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి 1.25 లక్షల లోపు దీర్ఘకాలిక లాభాన్ని సహజ్‌లోనే చూపొచ్చని తెలిసినవాళ్లు చెప్పారు. నిజమే, కానీ సగమే.

ఆదాయపు పన్ను పోర్టల్ నుంచి ఏఐఎస్ (నా పేరు మీద నమోదైన ఆదాయాలు, లావాదేవీల వార్షిక పట్టిక) డౌన్‌లోడ్ చేసి, ఫండ్ వాళ్ల క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని తేదీల కాలమ్ కిందిదాకా చూశాను. చివరి వాయిదాల్లో కొన్న యూనిట్లకు 12 నెలలు నిండలేదు. లాభం చిల్లరే అయినా అది స్వల్పకాలికం. అది ఒక్క రూపాయి ఉన్నా సహజ్ పనికిరాదు, ఐటీఆర్-2 వేయాల్సిందే.

ఆఫీసు ఇచ్చే ఫారం 16లో లేని ఎఫ్‌డీ వడ్డీ కూడా ఏఐఎస్‌లోనే దొరికింది. దాని మీద బ్యాంకు ముందే కోసిన పన్నును (టీడీఎస్) పోర్టల్‌లోని పన్ను జమల పట్టిక 26ఏఎస్‌తో సరిచూసుకున్నాను. రీఫండ్ ఆగకుండా బ్యాంకు ఖాతాను ముందే వాలిడేట్ చేశాను. రిటర్న్ వేశాక దాన్ని ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) చేయడానికి 30 రోజుల గడువు ఉంటుంది, నేను మాత్రం ఆధార్ ఓటీపీతో అప్పటికప్పుడే ముగించాను.