మిద్దెపై సోలార్ ప్లాంటుకు దరఖాస్తు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల గృహ వినియోగదారులకు

ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఈ పథకం కింద సొంత ఇంటిపై సోలార్ ప్లాంటు పెట్టుకునేవారికి కేంద్ర ప్రభుత్వం 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లు లేదా అంతకు మించిన ప్లాంటుకు 78,000 రూపాయలు రాయితీగా ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా అమర్చే ఏర్పాటును, బీసీ కుటుంబాలకు కేంద్ర రాయితీపై అదనపు సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఈ వర్గాలవారు వెండర్‌తో (ప్లాంటు అమర్చే సంస్థతో) మాట్లాడే ముందు తమ విద్యుత్ సెక్షన్ ఆఫీసులో విచారించుకోవడం మంచిది.

దరఖాస్తు పథకం ఆన్‌లైన్ పోర్టల్‌లో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కరెంటు బిల్లు దగ్గరే మొదలవుతుంది. బిల్లుపై ఎవరి పేరు ఉందో ముందుగా చూసుకోవాలి. మన పల్లెల్లో ఎన్నో ఇళ్లలో సర్వీస్ ఇప్పటికీ కాలం చేసిన తండ్రి పేరునో తాత పేరునో నడుస్తోంది. దరఖాస్తుదారు పేరు, సర్వీస్ పేరు, రాయితీ జమ కావలసిన బ్యాంకు ఖాతా పేరు ఒకటి కాకపోతే పని చివరి దశలో, అంటే డబ్బంతా ఖర్చు పెట్టాక ఆగిపోతుంది. కాబట్టి పేరు మార్పు పని ముందే పూర్తి చేసుకోవాలి. అదే బిల్లులో మంజూరైన లోడ్, అంటే మీ ఇంటికి విద్యుత్ సంస్థ అనుమతించిన కిలోవాట్లు ఎన్నో కూడా గమనించాలి.

ప్లాంటు ఎంత పెద్దదుండాలో నెలవారీ వాడకాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. 150 యూనిట్ల వరకు వాడే ఇంటికి 1 నుంచి 2 కిలోవాట్లు, 150 నుంచి 300 యూనిట్లు వాడే ఇంటికి 2 నుంచి 3 కిలోవాట్లు సరిపోతాయి. మన ఎండకు ఒక కిలోవాట్ సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. దానికి మిద్దెపై దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఉదయం, సాయంత్రం ఎక్కడ పడుతుందో స్వయంగా చూడండి. ప్యానెల్‌లో ఒక మూల నీడ పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది.

ఆ తర్వాత పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో మొబైల్ నంబరుతో నమోదై, రాష్ట్రం, డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ), సర్వీస్ నంబరు ఇచ్చి దరఖాస్తు సమర్పించాలి. నెల్లూరు జిల్లావారికి తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్, ఒంగోలు వైపువారికి విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్ వర్తిస్తాయి. అనుమానం ఉంటే బిల్లుపై ముద్రించిన సంస్థ పేరునే ఎంచుకోండి. 10 కిలోవాట్ల వరకు ప్రత్యేక సాంకేతిక పరిశీలన అవసరం లేదు. రుణం కావలసినవారు కేంద్ర ప్రభుత్వ రుణాల పోర్టల్ జన్ సమర్థ్ ద్వారా కోరవచ్చు; 3 కిలోవాట్ల వరకు ప్లాంటుకు 2 లక్షల రూపాయల లోపు రుణానికి తాకట్టు అడగరు.

ఇక వెండర్ ఎంపిక. పోర్టల్‌లో నమోదైన వెండర్ అయితేనే రాయితీ వస్తుంది. అయితే జాబితాలో పేరుంటే చాలనుకోకుండా ఒప్పందంలో ప్రతి పరికరం తయారీదారు, మోడల్, వారంటీ రాయించుకోవాలి. దేశీయ సెల్స్‌తో (ప్యానెల్‌లో ఎండను కరెంటుగా మార్చే బిళ్లలతో) దేశంలోనే తయారైన ప్యానెళ్లకే రాయితీ వర్తిస్తుంది. ప్యానెళ్లను స్టాండుపై బిగించకముందే వాటిపై ఉన్న సీరియల్ నంబర్లను ఫోటో తీసి పెట్టుకోండి. పోర్టల్‌లో వివరాలు నింపేటప్పుడు అవి కావాలి, బిగించాక చదవడం కష్టం.

తీరప్రాంతంవారు స్టాండు విషయంలో రాజీ పడకూడదని గట్టిగా చెబుతున్నాను. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వంటి ఊళ్లలో ఉప్పుగాలి ఇనుమును త్వరగా తినేస్తుంది. పెయింటు వేసిన మామూలు ఇనుము కాకుండా హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింక్‌లో ముంచి పూత వేసిన) స్టాండు, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు అడగండి. వెల్డింగ్ చేసిన చోట, రంధ్రం కొట్టిన చోట తుప్పు ముందుగా పడుతుంది కనుక అక్కడ జింక్ పూత వేయించండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలి ప్యానెల్‌ను కింది నుంచి పైకి లేపుతుంది కాబట్టి కాళ్లను స్లాబుకు పట్టి ఉండేలా కాంక్రీటు దిమ్మెలతో బిగించాలి. మిద్దె కారకుండా ఆ చోట్ల వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి.

ఎర్తింగ్ కూడా అంతే ముఖ్యం. డీసీ వైపుకు (ప్యానెళ్ల వైపు), ఏసీ వైపుకు (ఇంటి కరెంటు వైపు), పిడుగు నిరోధకానికి వేర్వేరు ఎర్త్ పిట్లు ఉండాలి; ఖర్చు తగ్గించేందుకు మూడింటినీ ఒకే పిట్‌కు కలపనివ్వకండి. ప్యానెళ్ల మధ్య తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు ‘టక్’మని పడే వరకు నొక్కారో లేదో దగ్గరుండి చూడండి. సగం కూర్చున్న కనెక్టర్ వేడెక్కి కరిగిపోతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు.

అమరిక పూర్తయ్యాక ప్లాంటు వివరాలు పోర్టల్‌లో నింపి నెట్ మీటరుకు దరఖాస్తు చేయాలి. ఇంటి నుంచి వెళ్లిన యూనిట్లను, ఇంటికి వచ్చిన యూనిట్లను ఈ మీటరు విడివిడిగా లెక్కిస్తుంది. రాత్రి మీ మిద్దె ఇవ్వలేని కరెంటును నేలటూరులోని థర్మల్ కేంద్రం, కల్పాక్కంలోని అణు కేంద్రం వంటివి అనుసంధానమై ఉన్న గ్రిడ్ ఇస్తుంది. ఈ కారణంగానే పగలు, రాత్రి వనరులు రెండూ కలిసి పనిచేయాలి. లైన్లో కరెంటు పోతే సాధారణ గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే, బ్యాటరీ లేని పరికరం) కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు, స్తంభంపై పనిచేసే లైన్‌మన్ ప్రాణరక్షణకు తప్పనిసరి. కోతల్లోనూ లైట్లు, ఫ్యాన్లు పనిచేయాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. దాని ఖర్చు ఎక్కువ, బ్యాటరీకి అదనపు రాయితీ ఉండదు.

డిస్కం సిబ్బంది తనిఖీ చేసి కమిషనింగ్ నివేదిక (ప్లాంటు పని మొదలైందన్న ధ్రువీకరణ) ఇచ్చాక బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు కాపీ పోర్టల్‌లో పెట్టాలి. రాయితీ సాధారణంగా 30 రోజుల్లో ఖాతాలో జమవుతుంది. వెండర్ 5 ఏళ్లు నిర్వహణ బాధ్యత వహించాలి కనుక ఆ ఒప్పందపత్రాన్ని భద్రపరచుకోండి. పథకం గురించి 15555కు, విద్యుత్ సరఫరా, మీటరు సమస్యల గురించి 1912కు ఫోన్ చేయవచ్చు.