వెనక కమాన్లు కూర్చున్నాయా? ఇలా చూడండి

ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు తోలే పాత పికప్ బళ్లకి ఈ పరీక్ష తప్పనిసరి. ఐసు కరిగి కారే ఉప్పునీళ్లు నేరుగా వెనక కమాన్ (లీఫ్ స్ప్రింగ్) పట్టీల మీదే పడతాయి.

ఖాళీ బండిని చదునైన చోట ఆపి, మొదట టైర్లలో గాలి సరిచూడండి. వెనక చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో రెండు వైపులా కొలవండి. ఒకవైపు బాగా తగ్గితే అటు కమాన్ కూర్చుందన్నమాట, లేదంటే పట్టీ విరిగింది. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు చుట్టూ, కమాన్‌ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల దగ్గర మట్టిని వైర్ బ్రష్‌తో గీకి టార్చి వేయండి. పగులు సన్నటి తుప్పు గీతలా కనిపిస్తుంది.

సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ ఆ వైపు ముందుకో వెనక్కో జరగొచ్చు. స్టీరింగ్ నిటారుగా పెట్టి, ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం రెండు పక్కలా పోల్చండి. తేడా ఉంటే దయచేసి ఇంక లోడు ఎత్తకండి.

షాక్ అబ్జార్బర్ పోయిందనడానికి దాని మీద నూనె మరకే నమ్మదగ్గ గుర్తు. పికప్ కమాన్లు గట్టివి, చేత్తో నొక్కితే పెద్దగా తెలీదు. స్పీడ్ బ్రేకర్ మీద టక్కుమని శబ్దం వస్తుంటే పట్టీలు మార్చే ముందు షాకిల్ బుష్‌లు (కమాన్ చివర లింకులో ఉండే బుష్‌లు) మెకానిక్‌కి చూపించండి, అవి చాలా చవక.