అమ్మానాన్నల ఇంటికి నెట్ కనెక్షన్ పెట్టించే ముందు

అమ్మానాన్నల ఇంటికి నెట్ పెట్టించాలి అనుకోగానే ఎవరైనా మొదట చూసేది ఏ కంపెనీ ఎంత స్పీడ్ ఇస్తోందనే. నేనూ అదే చేశాను. ఉన్నవాటిలో ఎక్కువ ఎంబీపీఎస్ ఉన్న ప్లాన్ తీసుకుని, ఏడాది డబ్బు ఒకేసారి కట్టేసి, నాన్నకి పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి వచ్చేశాను. రెండు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, "డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోందిరా, మీ నాన్న నాలుగుసార్లు ఆపి మళ్లీ వేశారు, అయినా పోవట్లేదు" అంది. ఆ ఎర్ర లైటు పదకొండు రోజులు వెలిగింది. కంప్లైంట్ పెడితే ఒక నంబర్ వచ్చేది, సాయంత్రానికల్లా "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చేది, అమ్మని అడిగితే ఇంకా ఎర్రగానే ఉందనేది. కస్టమర్ కేర్ వాళ్లు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంటే నాన్న ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, కళ్లజోడు పెట్టుకుని, అంకె వెతికి నొక్కేలోపు లైన్ కట్టయిపోయేది. అందుకే ఎవరైనా నన్ను అడిగితే ముందు ఇదే చెబుతాను, పెద్దవాళ్లకి కనెక్షన్ తీసుకునేటప్పుడు పాడైతే ఎవరు వస్తారు, ఎన్ని రోజులకి వస్తారు అన్నది తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే.

అది వెబ్‌సైట్‌లో దొరకదు, అమ్మానాన్నల వీధిలో దొరుకుతుంది. ఒకే కంపెనీ ఒక పేటలో చక్కగా నడిచి పక్క పేటలో అధ్వానంగా ఉండొచ్చు, ఎందుకంటే అక్కడ లైన్లు చూసే మనుషులు వేరు, వీధి చివర లైన్లు కలిపే పెట్టె వేరు. పక్కవాళ్లని "మీ నెట్ ఎలా ఉంది" అని అడిగితే "బాగానే ఉంది" అంటారు, దాంతో మనకేం తెలియదు. చివరిసారి ఎప్పుడు పోయింది, మళ్లీ ఎప్పుడొచ్చింది, మనిషి ఇంటికి వచ్చాడా లేక ఫోన్‌లోనే తిప్పి పంపేశారా, రాత్రి తొమ్మిదింటప్పుడు వీడియో ఆగి ఆగి వస్తుందా, ఇలా అడగండి. రెండు మూడు ఇళ్లలో అడిగితే విషయం తేలిపోతుంది. ఇంకో పని, కనెక్షన్ తీసుకోకముందే ఒక ఆదివారం సాయంత్రం ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి మీరే ఫోన్ చేయండి. మనిషి గొంతు వినపడటానికి ఎంతసేపు పట్టింది, అమ్మానాన్నలు మాట్లాడే భాషలో మాట్లాడారా లేదా గమనించండి. కొత్తగా చేరేవాళ్ల లైను కాదు, కంప్లైంట్ల లైనుకి చేయాలి, చేరేవాళ్లకైతే ఎవరైనా వెంటనే ఎత్తుతారు.

ఇక స్పీడ్ సంగతి. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్ ఉంటే చాలు, 4కేకి 15 నుంచి 25 అనుకోండి. మంచి క్వాలిటీ వీడియో కాల్‌కి రానూ పోనూ చెరో 3, 4 సరిపోతుంది. ఇద్దరే ఉండే ఇంట్లో ఒక టీవీ, రెండు ఫోన్లు, ఒక కెమెరా అన్నీ ఒకేసారి నడిచినా 40 దాటడం కష్టం. నిలకడగా వచ్చే 50 ఉంటే హాయిగా గడిచిపోతుంది. 300 తీసుకున్నంత మాత్రాన అమ్మ వీడియో కాల్ ఇంకా స్పష్టంగా ఏమీ రాదు. అయితే అప్‌లోడ్, అంటే ఆ ఇంటి నుంచి బయటికి వెళ్లే స్పీడ్, ఎంతో మాత్రం తప్పకుండా అడగండి, ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది డౌన్‌లోడ్ ఒక్కటే. కాల్‌లో మనం వాళ్లకి బాగా కనిపిస్తూ, వాళ్ల ముఖం మాత్రం మనకి సగం మాటలో బిగుసుకుపోతుంటే చాలాసార్లు కారణం ఆ అప్‌లోడే.

డేటా పరిమితి కూడా చూడండి. హెచ్‌డీ వీడియో గంటకి 3 జీబీ దాకా తీసుకుంటుంది. రోజుకి ఐదు గంటలు టీవీ నెట్ మీదే నడిస్తే నెలకి 450 జీబీ, అది ఒక్క టీవీకే. అన్‌లిమిటెడ్ అని రాసి, ఇన్ని జీబీలు దాటాక స్పీడ్ తగ్గిపోతుందని కింద చిన్న అక్షరాల్లో వేసే ప్లాన్లు ఉంటాయి. నెలాఖరులో "పాడైపోయింది" అని అమ్మ అంటే నిజానికి అయిపోయింది ఆ కోటా కావచ్చు.

ఏ రకం లైన్ అన్నది కూడా ముఖ్యమే. ఫైబర్ దొరికితే ఇంకేం ఆలోచించకండి. గాజు తీగలో వెలుతురు మీద వస్తుంది కాబట్టి దూరం పెరిగినా స్పీడ్ పడిపోదు. పాత టెలిఫోన్ రాగి తీగ మీద వచ్చేదైతే పెట్టె నుంచి ఇల్లు ఎంత దూరముంటే అంత నెమ్మది, కాబట్టి వీధి మొదట్లో ఉన్న ఇంట్లో బాగా వస్తోందని చివరి ఇంటికి తీసుకోవద్దు. టీవీ కేబుల్ మీద వచ్చేదాన్ని చుట్టుపక్కల ఇళ్లు పంచుకుంటాయి, రాత్రిళ్లు చూసి నిర్ణయించండి. ఏ తీగా రాని చోట 4జీ, 5జీ సిమ్ వేసే రూటర్ నయమే, దాన్ని కిటికీ దగ్గర పెట్టాలి. శాటిలైట్ తప్పదంటే ఏ రకమో అడగండి. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండేదైతే మాట వెళ్లి బదులు రావడానికి అర సెకనుకి పైనే పడుతుంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి ఇద్దరూ ఆగిపోతుంటారు. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవాటితో ఆ ఇబ్బంది ఉండదు, పైన చెట్లు అడ్డం లేకుండా ఆకాశం కనపడితే చాలు.

పెద్దవాళ్ల ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే ఇక్కడ కాస్త ఆగండి. పాత రాగి లైనుకి కరెంటు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పలికేది. ఫైబర్ తీగలో కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే నెట్టూ, దాని మీద నడిచే ఫోనూ రెండూ పోతాయి. ఆరోగ్యం బాగోక మెడలో ఎమర్జెన్సీ బటన్ వేసుకునేవాళ్లు ఉంటే, అది పాత లైన్ మీద నడుస్తోందేమో కనుక్కున్నాకే ఆ లైన్ తీయించండి. ఏదెలా ఉన్నా రూటర్‌కి ఒక చిన్న యూపీఎస్ కొనండి. రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది, ఎక్కువ భాగం 12 వోల్టులే కానీ చూడకుండా కొనొద్దు. ఫైబర్ డబ్బా, రూటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ యూపీఎస్ కావాలి.

కనెక్షన్ పెట్టే రోజు వీలైనంత వరకు మీరు అక్కడే ఉండండి, నా మాట వినండి, సెలవు పెట్టుకునైనా వెళ్లండి. వచ్చినవాళ్లు తీగ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే, గుమ్మం పక్కనో టీవీ వెనకో డబ్బా బిగించేసి వెళ్లిపోతారు, తర్వాత పడగ్గదిలో సిగ్నల్ రాదు. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో, బయటికి కనపడేలా పెట్టించండి. ఇనుప బీరువా, పెద్ద అద్దం, చేపల తొట్టి పక్కన వద్దు, లోహమూ నీళ్లూ సిగ్నల్‌ని ఆపేస్తాయి. వాళ్లు వెళ్లకముందే మీ ఫోన్‌లో ఎవరికైనా వీడియో కాల్ చేసి ఇల్లంతా తిరగండి. ముఖ్యంగా అమ్మ కూర్చుని మాట్లాడే చోట, నాన్న పడుకుని వీడియోలు చూసే చోట నిలబడి చూడండి. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు సిగ్నళ్లు ఉంటాయి. మొదటిది దూరం వెళ్తుంది, రెండోది వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి బాగా తగ్గిపోతుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టిస్తే ఏది పట్టుకోవాలో ఫోనే చూసుకుంటుంది. టీవీకి మాత్రం కుదిరితే వైఫై బదులు రూటర్ నుంచే నెట్ కేబుల్ వేయించండి.

ఇంకో చిట్కా, పాత కనెక్షన్ మార్చి కొత్తది పెడుతుంటే కొత్త రూటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా అవే పెట్టండి. ఫోన్లు, టీవీ, కెమెరా చాలావరకు వాటంతట అవే కలుస్తాయి, అమ్మానాన్నలు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. అయితే ఆ పాత పాస్‌వర్డ్ 12345678 లాంటిదైతే మార్చక తప్పదు, అప్పుడు ప్రతి పరికరంలోనూ కొత్తది మీరే వేసి రండి.

డబ్బు ఏడాదికి ఒకేసారి కట్టకండి. నెలకి కాస్త ఎక్కువైనా సరే, మొదటి రెండు మూడు నెలలు నెల ప్లాన్ మీదే నడిపించండి. నేను అలా చేసి ఉంటే ఆ పదకొండు రోజుల్లో మూడో రోజే కంపెనీ మార్చేసేవాణ్ణి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, రూటర్ వాళ్లదా మనదా, ఆఫర్ అయిపోయాక అసలు రేటు ఎంత, ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీకి ఇచ్చే మొబైల్ నంబర్ మీదై ఉండాలి, ఇంటికి వచ్చే మనిషి ఫోన్ చేయడానికి నాన్న నంబర్ రెండోదిగా ఇవ్వండి. బిల్లులు, కంప్లైంట్ మెసేజ్‌లు మీకు వస్తే, బాగు చేయకుండా మూసేసిన కంప్లైంట్‌ని మీరే వెంటనే మళ్లీ తెరిపించొచ్చు. అమ్మానాన్నలకి ఈ మాట కూడా చెప్పి పెట్టండి, "మీ నెట్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి, ఈ యాప్ వేసుకోండి" అని ఎవరు ఫోన్ చేసినా "మా అబ్బాయిని అడగండి, మా అమ్మాయిని అడగండి" అని పెట్టేయమనండి. నెట్ బిల్లు మీ చేతిలో ఉందని తెలిస్తే వాళ్లకి టెన్షన్ ఉండదు.

చివరగా ఒక కాగితం. ఇప్పుడు మా అమ్మ ఇంట్లో రూటర్ పక్కన గోడకి పెద్ద అక్షరాలతో అంటించి ఉంది. అన్ని లైట్లూ పచ్చగా ఉండి నెట్ రాకపోతే ప్లగ్ తీసి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ పెట్టాలి, ఐదు నిమిషాలు ఆగాలి. ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు వెలిగితే ఏమీ చేయకూడదు, వెలుతురు ఇంటిదాకా రావడం లేదని దానర్థం, బయట తీగ తెగిందో ఎక్కడైనా మడత పడిందో, ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా రాదు, నాకు ఫోన్ చేస్తే చాలు. కింద నా నంబర్, దాని కింద వీధిలో లైన్ చూసే అతని నంబర్. కంపెనీ మార్చాక ఎర్ర లైటు ఒక్కసారి వచ్చింది. అమ్మ ఫోన్ చేసి "ఎల్‌ఓఎస్" అని ఒక్క మాట అంది, అతను సాయంత్రానికి వచ్చి తీగ కలిపి వెళ్లాడు.