మృగశిర రాకముందే: పాత స్పోర్ట్స్ కారు అడుగు చెక్కలు మార్చేటప్పుడు జాగ్రత్తలు

మా మావయ్య దగ్గర నుంచి మాకు వచ్చిన ఎమ్‌జీఏ కారుకి అడుగున ఉన్నది రేకు కాదు, చెక్క. 1955 నుంచి 1962 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన ఈ కార్లకి ఛాసిస్ (కింది చట్రం) ఇనుమే గానీ, మన పాదాలు ఆనేది మాత్రం ప్లైవుడ్ పలకల మీద. కోనసీమ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. ఆ చెక్క చివికిపోతే పైకి ఏమీ కనపడదు. ఒకరోజు మడమ కింద మెత్తగా తగులుతుంది, అప్పుడు తెలుస్తుంది.

చెక్కలు మార్చాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లోనే మొదలుపెట్టండి. జూన్ రెండో వారానికి మృగశిర వచ్చేస్తుంది. ఆ తర్వాత కోసిన చెక్క అప్పటికే తేమ పీల్చుకుని ఉంటుంది. దానిమీద రంగు వేస్తే ఆ తేమను లోపలే పెట్టి మూసినట్టు.

ముందుగా బ్యాటరీ తీగ తీసెయ్యండి. ఎమ్‌జీఏలో బాడీకి కలిపేది ప్లస్ తీగ. ఇప్పటి కార్లలాగా మైనస్ అనుకుని పొరపాటు పడకండి. మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి బాడీకి బిగించి ఉన్నది ఏదో చూసుకుని దాన్నే ముందు విప్పండి. తర్వాత జాకీ. మన డెల్టా నేల మెత్తన, ఒండ్రు. వాకిట్లో జాకీ పెడితే మెల్లగా దిగబడుతుంది. సిమెంటు గచ్చు మీదే పని పెట్టుకోండి. ఒక్క జాకీని నమ్మి, లేదా ఇటుకలు పేర్చి కారు కిందికి దూరకండి, స్టాండ్లు ఉండాలి. తుప్పు పట్టిన స్క్రూలకు ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె పట్టించి వదిలెయ్యండి. గ్యాస్ మంట, గ్రైండర్ జోలికి పోవద్దు. పెట్రోలు పైపు ఆ దగ్గర్లోనే ఉంటుంది.

పాత చెక్కలు ముక్కలైపోయినా పారెయ్యకండి. అట్ట మీద పేర్చి గీసుకుంటే అదే అచ్చు. కానీ కొలతకి వాటినే పూర్తిగా నమ్మొద్దు, ఏళ్ల తరబడి ఉబ్బి, ఎండి, అంచులు రాలి ఉంటాయి. ఇనుప చట్రంలో ఉన్న రంధ్రాలే అసలు కొలత. తల కోసేసి మొన తేల్చిన బోల్టుల్ని ఆ రంధ్రాల్లోకి తిప్పి, కొత్త చెక్కను పైనుంచి నొక్కితే గుర్తులు సరిగ్గా పడతాయి. చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలండి, రంగు మందమూ వానాకాలపు ఉబ్బూ అందులో సర్దుకోవాలి. ప్రతి చెక్క మీదా 'పైన', 'ముందు' అని రాసుకోండి. కుడి చెక్కని తిరగేస్తే ఎడమది అవుతుందనుకోకండి.

ఇప్పుడు చెక్క సంగతి. మొదటిసారి నేను చేయించినప్పుడు షాపులో 'వాటర్‌ప్రూఫే' అన్న మాట విని కొన్నాను. ఒక్క వానాకాలానికే పొరలు పుస్తకం పేజీల్లా విడిపోయాయి. నోటిమాట కాదు, పలక మీద ఐఎస్ 710 అన్న ముద్ర చూడండి. అది మెరైన్ ప్లైవుడ్‌కి భారత ప్రమాణం. 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షించే రకం. పాత చెక్క అరంగుళం మందం, అంటే 12.7 మిల్లీమీటర్లు. మనకి దొరికేది 12. ఆ తేడా పెద్ద ఇబ్బంది కాదు. కోసేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ పొడిలో కలపతో పాటు జిగురూ ఉంటుంది.

అసలు జాగ్రత్త అంతా అంచుల దగ్గర, రంధ్రాల దగ్గర ఉంది. చెక్క ఎక్కువగా నీళ్లు తాగేది పలక ముఖం నుంచి కాదు, కోసిన చోటి నుంచి. రంధ్రాన్ని కావలసినదానికంటే పెద్దగా చేసి, ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) నింపి, గట్టిపడ్డాక మళ్లీ సరైన సైజులో రంధ్రం చెయ్యండి. అప్పుడు స్క్రూ చెక్కని తాకనే తాకదు. అంచులకి మూడు పూతలు. ఎపాక్సీని రోళ్లు పగిలే ఎండలో పూయకండి, చెక్కలోని గాలి వేడెక్కి బుడగలుగా పైకి తంతుంది. సాయంత్రం నాలుగు దాటాక, నీడలో, చెక్క చల్లబడుతున్నప్పుడు పూస్తే లోపలికి పీల్చుకుంటుంది. కొంచెం కొంచెంగానే కలుపుకోండి, ఎక్కువ కలిపితే గిన్నెలోనే సలసలా కాగి బిగుసుకుపోతుంది.

బిగించేముందు కింద ఏముందో చూడండి. బ్రేకు పైపులు, పెట్రోలు గొట్టం మార్చాలంటే ఇంతకంటే మంచి సమయం దొరకదు. సైలెన్సర్ పైపు పోయేవైపు చెక్కకి, దానికి మధ్య గాలి ఆడేలా అల్యూమినియం రేకు పెట్టండి. అక్కడ తారులాంటి పూతలు వద్దు. పొగ పైపు ఎక్కడైనా లీకవుతుంటే ముందు దాన్ని బాగుచేయించండి. చెక్క సందుల్లోంచి ఆ పొగ లోపలికి వస్తే ప్రాణాలకే ప్రమాదం. సీటు బోల్టులు చెక్కలోంచి కింది ఇనుముకి పట్టాలి. సీటు బెల్టుని మాత్రం చెక్కకి ఎప్పుడూ బిగించకండి. స్క్రూలకి గ్రీజు రాసి, వెడల్పు వాషర్లు వేసి, చెక్క నలగనంతవరకే తిప్పండి. చాప పరిచాక బ్రేకు, క్లచ్, యాక్సిలరేటర్ మూడింటినీ చివరిదాకా తొక్కి చూడండి. ఎక్కడ తగిలినా చాప కత్తిరించాల్సిందే.

చెక్కల్ని సీలెంటుతో (సందులు మూసే జిగురు) శాశ్వతంగా అంటించకండి, వరదొస్తే విప్పాల్సి రావచ్చు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగులకి చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసే రోజుల్లో లంకల వైపు కాజ్‌వేలు మునుగుతాయి, కారు ఆ దారి పట్టనే కూడదు. అయినా వాకిట్లోకే నీళ్లు వస్తే, తగ్గిన వెంటనే చాపలు తీసి, స్క్రూలు విప్పి, చెక్కల్ని మంచినీళ్లతో కడిగి నీడలో నిలబెట్టండి. ఒండ్రు ఎండి గట్టిపడకముందే చట్రం మూలల్లోనూ కడిగెయ్యాలి.